ఉస్తాద్ పేరున వచ్చిన మెయిలు

పోయినవాడు అడిగితే కాదనడానికి ఎవరికి నోరొస్తుంది? పరశురాములు చనిపోయి ఏడాది దాటినా ఆయన పేరున మెయిళ్లు వస్తూనే ఉండేవి. త్రివేణి వాటికి భయపడలేదు సరికదా, ఎదురుచూసేది. భయపడాల్సిందని తరువాత తెలిసింది. చేతులు కాలాక తెలిసి ఏం లాభం?

సంగతేమిటంటే, "తొవ్వ" అని ఒక సాఫ్ట్‌వేర్ సంఘం ఉంది. పల్లెల పటాలను ఫోనులోనే తెలుగులో గీసుకునే సాఫ్ట్‌వేర్ తయారుచేసి, ఎవరైనా వాడుకోండని ఊరికే ఇస్తారు. సంఘంలో మనుషులు వందల్లో ఉన్నా, వాళ్లందరికీ మెయిళ్లు పంచే సర్వర్‌ను చూసుకునే తలకాయలు మాత్రం మూడే. నల్లగొండలో పాలిటెక్నిక్ పిల్లలకు పాఠాలు చెప్పే త్రివేణి, మహబూబ్‌నగర్‌లో కంప్యూటర్లు బాగుచేసే ఖలీద్, రామన్నపేట పరశురాములు. సర్వర్ ఉండేది ఖలీద్ దుకాణం వెనక గదిలో. జీతం లేదు, భత్యం లేదు, తిట్లకు మాత్రం కొదవ లేదు. మెయిలు కాస్త ఆలస్యమైతే చాలు, ఒక్కొక్కడు ఇంతెత్తున లేచేవాడు.

ఆ ముగ్గురికీ ఒక కట్టుబాటు ఉంది. సర్వర్‌లో ఏ పెద్ద పని చేయాలన్నా ఒకరు అడగాలి, ఇంకొకరు "సరే" నొక్కాలి. ఒంటిచేత్తో ఎవరూ ఏమీ చేయడానికి వీల్లేదు. ఈ నియమం పెట్టింది పరశురాములే. "మనిషన్నంక మతి తప్పుతది. రెండు మతులు ఒక్కపారే తప్పయి" అనేవాడు. ఆయన్ను ఖలీద్ ఉస్తాద్ అనేవాడు. ఆ పిలుపే త్రివేణికీ అలవాటైంది.

సర్వర్‌కు భద్రతా తాళం లాంటిదొకటి ఉంటుంది. దాన్ని కొన్నాళ్లకోసారి కొత్తది చేసుకోవాలి. అది గుర్తుచేయడానికి ఉస్తాద్ బతికుండగా ఒక చిన్న ప్రోగ్రాం రాసిపెట్టాడు. గడువు దగ్గరపడగానే అది ఆయన పేరున ఎప్పుడూ ఒకటే మాట పంపేది: "జర సరే అనుండ్రి." గుండెపోటుతో ఆయన పోయాక ఆ ఖాతా మూసేయాలి. అది సర్వర్ నడిపే ఎవరికైనా తెలిసిన మొదటి పాఠం. వీళ్లు మూయలేదు. మూస్తే ఆయన్ను రెండోసారి మట్టిలో పెట్టినట్టేనని ఇద్దరికీ అనిపించింది. అందుకని ఉస్తాద్ అడిగినప్పుడల్లా పోటీపడి నొక్కేవాళ్లు. ముందు నొక్కినవాళ్లు రెండోవాళ్లను రోజంతా ఆటపట్టించేవాళ్లు. పెత్రమాసకు పెద్దల పేరు చెప్పి బియ్యమిచ్చినట్టు, ఆ నొక్కడమే వాళ్లకొక మొక్కు అయిపోయింది. మొక్కును ఎవరైనా చదివి మొక్కుతారా?

ఆ ఎండాకాలం సంఘంలో ఒక పేరు మారుమోగింది. చెల్క. మేళ్లచెరువు దిక్కున ఒక క్వారీ తవ్వకాలతో ఎండిపోయిన బావులు, దుమ్ము కమ్మి తెల్లబడిన చేలు, ఒక్కొక్కటీ ఫొటోతో సహా పటంమీద పెట్టింది చెల్క. క్వారీ యజమాని సర్కారుకు చూపిన కాగితాల్లో అసలా బావులే లేవు. ఆ పటం పట్టుకుని రైతులు కలెక్టరాఫీసుకు పోయారు. మరునాటినుంచే "చెల్క ఎవరు?" అని త్రివేణికి మెయిళ్లు మొదలయ్యాయి. మొదట్లో మర్యాదగా అడిగారు. తరువాత త్రివేణి ఇంటి గేటు ఫొటో పంపారు, కింద ఒక్క మాట కూడా రాయకుండా.

చెల్క అసలు పేరు నిరోష. డిగ్రీ చదివి, అవ్వతో కలిసి మేకలు కాసుకుంటూ బతికే పిల్ల. సంఘంలో చేరేటప్పుడు అందరిలాగే అసలు పేరు, ఊరు, ఫోను నంబరు ఇచ్చింది. అవి సర్వర్‌లో తప్ప ఎక్కడా లేవు. జాగ్రత్త కోసం త్రివేణి ఆ నంబరు తన ఫోనులో కూడా పెట్టుకోలేదు. "నా పేరు బయటపడితే నన్ను బతకనియ్యరక్కా" అని నిరోష రాస్తే, "మా పానం పోయినా నీ పేరు బయటికి పోదు చెల్లె" అని త్రివేణి జవాబిచ్చింది. ఆ మాట మనసారా ఇచ్చింది. అందులో అనుమానమేం లేదు.

ఆ పొద్దున త్రివేణి రొట్టెలు కాలుస్తుంటే ఫోను మోగింది. పరశురాములు. "జర సరే అనుండ్రి." పెనం మీద రొట్టె మాడుతున్నా లెక్కచేయక, ఖలీద్ కంటే ముందు నొక్కేసింది. "గెలిచిన ఉస్తాద్!" అని పైకే అని, నవ్వుకుంటూ రొట్టె తిప్పింది.

మధ్యాహ్నం కాలేజీలో ఉండగా ఖలీద్ ఫోను చేశాడు.

"అక్కా, ఇయ్యాల నువ్వే గెలిచినవ్, ఒప్పుకుంటున్న. గని ఒక్క మాట. తాళం మొన్ననే కొత్తది చేసినం గద? ఉస్తాద్ మళ్ల ఎందుకు అడిగిండు?"

త్రివేణి మెయిలు తెరిచింది. ఆ పాత మాట కిందే అడిగిన పని రాసి ఉంది: సభ్యులందరి పూర్తి వివరాలు దించుకోవడం. దాని కింద, అనుమతి ఇచ్చినవారు: త్రివేణి. కంచే చేను మేయడమంటే ఏమిటో ఆమెకు అప్పుడు తెలిసింది.

"తమ్మీ, సర్వర్‌కు నెట్టు తీగ పీకు. ఇప్పుడే పీకు!"

"పీకిన." కాసేపు కీబోర్డు చప్పుడు. "గని అక్కా, పొద్దుగాలనే మొత్తం దించుకపోయిండ్రు."

త్రివేణి పరశురాములు భార్య కౌసల్యకు ఫోను కలిపింది.

"వదినా, అన్న ల్యాప్‌టాప్ యాడుంది?"

"గదేంది త్రివేణీ, నిన్న మీవోళ్లే వచ్చి తీస్కపోయిరి గద? ఆయన మీద పుస్తకం ఏస్తున్నం, ఫొటోలు గావాలె అన్నరు. మంచి పిలగాండ్లు, ఆయన ఫొటోకు దండ గూడ ఏసిండ్రు."

"పాస్‌వర్డు?"

"నేనే చెప్పిన. నా పేరే గద పెట్టుకున్నడు" అంది కౌసల్య. ఆ గొంతులో ఎంత మురిపెమో! త్రివేణి ఫోను పెట్టేసింది. పాత మెయిళ్లన్నీ అందులోనే ఉంటాయి. ఉస్తాద్ ఎలా అడుగుతాడో, వీళ్లెలా నొక్కుతారో చదివి నేర్చుకోవడం ఎంతసేపు?

తిట్టుకునే తీరిక కూడా లేదు. సర్వర్ ముందు కూర్చున్న ఖలీద్ నిరోష నంబరు చదివి చెప్పాడు. "పోలీసులకు నేను చేస్త, నువ్వు ఆ పిల్లకు చెయ్యి" అన్నాడు. త్రివేణి స్టాఫు రూము దాటి మెట్ల మీదికి వచ్చి నంబరు నొక్కింది. ఎత్తమ్మా, ఎత్తు తల్లీ అని గొణుక్కుంది. చాలాసేపు మోగాక ఎత్తారు. దూరంనుంచి మాట్లాడుతున్నట్టుంది గొంతు. ఫోనుకు దగ్గరగా గ్లాసుల చప్పుడు వినిపిస్తోంది.

"నిరోషా? నేను త్రివేణిని."

"అక్కా! మొదటిపారి మీ గొంతు ఇంటున్న. మీవోళ్లు వచ్చిండ్రు. చాయ్ పోస్తున్న."

"ఎవలు?"

"మీరు పంపినోళ్లే. చెల్క అంటే నువ్వే గద నిరోషా అన్నరు. మీకు తప్ప ఆ సంగతి ఇంకెవ్వలకు ఎర్క లేదు గద, గందుకే తలుపు తీసిన."

త్రివేణి ఏడుపు ఆపుకుంది. ఇప్పుడైనా ఈ పిల్లను దక్కించుకోవాలి. పోలీసులు ఆ ఊరు చేరేలోగా ఏమైనా కావచ్చు. పక్కింట్లో మనుషులుంటారు, ఆ గడప దాటితే చాలు. ఇంకేమీ ఆలోచించలేదు, ఏమీ అడగలేదు, గబగబా చెప్పేసింది.

"చెల్లె, భయపడకు, మొఖంల ఏం కనపడనియ్యకు. వాళ్లను నేను పంపలే. వాళ్లు క్వారీ మనుషులు. చక్కెర అయిపోయిందని చెప్పి, అవ్వను తీస్కొని పక్కింటికి ఉరుకు. పోలీసులు వస్తుండ్రు. ఇనవడుతుందా?"

అవతల గ్లాసుల చప్పుడు ఆగిపోయింది. ఎక్కడో మేకపిల్ల అరిచింది. త్రివేణి ఫోనును చెవికి ఇంకా గట్టిగా అదుముకుంది.

"నిరోషా?"

"అక్కా..." పిల్ల గొంతు పీలగా, అంతే దూరంనుంచి వచ్చింది. "చేతుల గ్లాసులున్నయని... ఫోను స్పీకర్ల పెట్టి వాళ్ల ముంగట పెట్టిన."

కుర్చీ జరిగిన చప్పుడైంది.