ఊడదీసిన తూటాలు

ఫరీదాబాద్ దాటాక ఆరావళి గుట్టల పక్కనున్న షూటింగ్ క్లబ్బులో ఆ ఆదివారం పాత మిలిటరీ రైఫిళ్ల పోటీ. ఒక్కో గుండుకీ బోల్టు వెనక్కి లాగి, ముందుకు తోసి పేల్చే యుద్ధకాలం నాటి తుపాకులవి. వాటికి సరిపడే తూటాలు సరిగ్గా దొరకవు. పేలిన ఇత్తడి గుల్లల్నే శుభ్రం చేసి, తుపాకీ మందు పోసి, గుండు బిగించి మళ్లీ వాడతారు. క్లబ్బుకి అందుకు లైసెన్సు ఉంది. ఆ పని సుభద్రది.

ఆమెది కాకినాడ. ఢిల్లీలో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం. తండ్రి సైన్యంలో తుపాకులు బాగుచేసేవాడు. ఈ విద్య ఆయన నేర్పిందే.

పోటీ పొద్దున తూటాలు నింపుతుండగా కూతురు ఫోన్ చేసింది. గదిలో సిగ్నల్ లేక, మందు డబ్బా బీరువాలో పెట్టి సుభద్ర బయటికి వెళ్లింది. తిరిగొచ్చేసరికి సాయిప్రకాష్ బల్ల తుడుస్తున్నాడు. గుర్‌గావ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, వరంగల్ వాడు. పోటీలో మొదట కాల్చాల్సింది అతనే.

"అయిపోయినయ్ అక్కా! మిగిలినయ్ నేనే నింపిన. మీరు చేస్తుంటే రోజూ చూస్తున్న గదా."

బల్ల మీద రెండు డబ్బాలున్నాయి. ఒకటి రైఫిల్ మందు. రెండోది పక్షులు కొట్టే తుపాకుల మందు, ఒక్కసారిగా భగ్గుమనేది. అది రైఫిల్ తూటాలో పడితే బోల్టు పగిలి కాల్చేవాడి ముఖంలోకే వస్తుంది.

"ఏ డబ్బాలోది పోశావు?"

"ఇదే... అనుకుంట."

"అనుకోడం కాదు ప్రకాష్. చెప్పు."

అతని ముఖం పాలిపోయింది. "రెండూ దించిన అక్కా. ఏది ముందు తీసిన్నో యాద్ లేదు."

"నువ్వు నింపినవి ఏవి?"

అతను తూటాల పెట్టె వైపు చూశాడు. అన్నీ కలిసిపోయాయి. మూతి బిగించాక తూటాలన్నీ ఒకేలా ఉంటాయి. సుభద్ర సొరుగులోంచి గుండు ఊడదీసే సుత్తి తీసింది.

అప్పుడే క్లబ్బు సెక్రటరీ రఘువీర్ తలుపు తోసుకుని వచ్చాడు. బయట షామియానా కింద అతిథులు టీ తాగుతున్నారు. సంగతి విని నవ్వేశాడు.

"అరే మేడమ్‌జీ, కుఛ్ నహీ హోతా, ఏం కాదు. తూకం వేసి చూడండి, తేడా తెలుస్తుంది."

"గుల్లలే ఒక్కోటి ఒక్కో బరువు. తూకంలో ఏం తెలుస్తుంది?"

"అయితే రెండు మూడు విప్పి చూడండి. బాగుంటే చాలు."

"మిగిలినవాటి సంగతి?"

"అతిథులొచ్చి కూర్చున్నారు! సెక్రటరీగా చెప్తున్నా, పెట్టె ఇవ్వండి."

సుభద్ర పెట్టెలోంచి ఒక తూటా తీసి అతని ముందు పెట్టింది.

"మొదటిది మీరు కాల్చండి. మీరు కాల్చాక పెట్టె ఇస్తాను."

రఘువీర్ దాన్ని ముట్టుకోలేదు. తలుపు విసురుగా వేసి వెళ్లిపోయాడు.

ఆమె తూటాని సుత్తి తలలో బిగించి బల్లకేసి కొట్టింది. గుండు ఊడింది, మందు రాలింది. కాగితం మీద పోసి చూసింది. సరైనదే. ఇంకొకటి బిగించింది. సాయిప్రకాష్ కళ్లు తుడుచుకుని ఎదురుగా కూర్చున్నాడు. ఆమె కొడుతుంటే అతను గుల్లలు వేరుచేశాడు. బయట పోటీ రద్దయిందని మైకులో చెప్పారు. అతిథులు భోజనాలు చేసి వెళ్లిపోయారు.

అన్నీ ఊడదీసేసరికి మధ్యాహ్నం దాటింది. ప్రతి తూటాలోనూ రైఫిల్ మందే ఉంది.

రఘువీర్ వచ్చి పకపకా నవ్వాడు. "ఏక్ భీ నహీ! దీనికోసమా మా పరువు తీశారు?"

"ఒక్కటీ లేదు," అంది సుభద్ర. "ఇప్పుడు తెలిసింది. పొద్దున తెలీదు."

మరుసటి వారం కమిటీ ఆమెని పిలిచి, క్షమాపణ చెబితే సరిపోతుందంది. "రేపు మళ్లీ అలాగే అయితే మళ్లీ అన్నీ ఊడదీస్తాను. ఇక క్షమాపణ ఎందుకు?" అని లేచి వచ్చేసింది. గది తాళంచెవి తీసేసుకున్నారు. అయినా ప్రతి ఆదివారం వెళ్లి, సభ్యులు కూర్చునే చోటే కూర్చునేది. పలకరించినవాళ్లతో మాట్లాడేది, పలకరించనివాళ్లని వదిలేసేది.

రఘువీర్ తూటాల పని ఇంకొకరికి అప్పగించాడు. కానీ వాటితో కాల్చడానికి సభ్యులు జంకారు. "సుభద్రాజీ చూశారా?" అని అడగడం మొదలుపెట్టారు. పాత రైఫిళ్లు బీరువాలోంచి బయటికి రావడమే మానేశాయి. చివరికి ఒక ఆదివారం రఘువీరే తాళంచెవి తెచ్చి ఆమె పక్కన పెట్టాడు.

"ఠీక్ హై. మొదలుపెట్టండి."

ఆమె తాళంచెవి తీసుకోలేదు. "నేను గదిలో ఉన్నా లేకపోయినా ఆ మందు బీరువా ఇంకెవరూ తెరవకూడదు. తలుపు మీద రాయించండి. ఇంగ్లీషులోనే కాదు, హిందీలో కూడా."

అతను పళ్లు బిగించి తలూపాడు. అప్పుడు తీసుకుంది.

గది దగ్గర సాయిప్రకాష్ ఎదురుచూస్తున్నాడు. "నేను సాయం చేస్తనక్కా?"

"గుల్లలు కడుగు. బయట కూర్చుని," అని ఆమె లోపలికి వెళ్లి గడియ పెట్టుకుంది.