బొట్టు చెరిపిన కెమెరా

బర్మాలోని పజుండౌంగ్‌లో ఢిల్లేశ్వరరావు గారి ఫోన్ల కొట్టు ముందు ఆ ఉదయం జాతరే జరుగుతోంది. ఓ పక్క ఎర్ర బెలూన్లు, ఓ పక్క ఊదా బెలూన్లు, మధ్యలో ఎవరి మాటా ఎవరికీ వినపడనివ్వని రెండు స్పీకర్లు. చైనాలో ఈ బెలూన్లు కట్టిన రెండు కంపెనీల ఫ్యాక్టరీలూ ఒకే ఊళ్లో ఉన్నాయిట. అక్కడ గోడ పక్కన గోడ, ఇక్కడ కౌంటరు పక్కన కౌంటరు. ఒకడు కెమెరాకి మూడు కళ్లు పెడితే రెండోవాడు నెల తిరక్కుండా నాలుగు పెడతాడు. ఇవాళ ఇద్దరి కొత్త ఫోన్లూ ఒకేసారి దిగాయి. పేర్లెందుకు గానీ, రంగులు చాలు మనకి.

ఫోన్లు అమ్మే అమ్మాయిల్లో ఎర్ర చొక్కా పద్మినిది. ఊదా చొక్కా మే తు అనే పిల్లది. మే తు తండ్రి తెలుగువాడు, తల్లి బర్మీయురాలు. ఇద్దరమ్మాయిలూ ఒకే వీధిలో పెరిగారు, మధ్యాహ్నం ఒకే డబ్బాలో తింటారు. ఇవాళ మాత్రం ఉప్పూ నిప్పూ. సాయంత్రానికి ఎవరు ఎక్కువ అమ్మితే వాళ్లకే గుమ్మం ఎదుటి అద్దాల కౌంటరు, రెండోవాళ్లకి మెట్ల కింద మూల అని ఢిల్లేశ్వరరావు తేల్చేశాడు. మూలైతే మాకొద్దు, నిన్ను ఊరవతలి లైంగ్‌థార్యార్ కొట్టుకి పంపేస్తామని పద్మిని కంపెనీ ముందే చెప్పింది. పుట్టిన వీధి వదిలి, రోజూ బస్సులు మారి, తనని ఎవరూ ఎరగని చోట నిలబడాలా? ఆ మాట తలుచుకుంటేనే ఆమెకు భయంగా ఉంది.

అందుకే బోణీకి పక్కింటి సన్యాసమ్మ పిన్నిని పిలుచుకొచ్చింది. ఆవిడ హస్తవాసి మంచిదని వీధంతా నమ్మకం. పసుపు రాసిన మొహం, బుగ్గల మీద చెక్క అరగదీసి పూసుకున్న తనకా, నుదుట రూపాయి కాసంత కుంకం బొట్టు. పద్మిని కొత్త ఫోనుతో ఫొటో తీసి గర్వంగా చూపించింది.

సన్యాసమ్మ చూసింది. కళ్లు నులుముకుని మళ్లీ చూసింది.

"ఓలమ్మో! ఇదెవలే?"

"నువ్వే పిన్నీ! పాతికేళ్ల పిల్లలాగ నేవూ?"

"పిల్ల సంగతి తరవాత. నా బొట్టేటయ్యిందే?"

పద్మిని ఫోను లాక్కుని చూసింది. కెమెరా ముడతలు తీసింది, తనకా తీసింది. అదే ఊపులో బొట్టునీ మచ్చ అనుకుని తుడిచేసింది. మనిషి మొహం సున్నం వేసిన గోడలా ఉండాలని ఏ మహానుభావుడు నేర్పాడో దానికి!

"మీ సిన్నాన్న గుండ్రాయిలాగ ఇంటికాడుంటే, నా మొగాన బొట్టు సెరిపేస్తాదా మీ సైనా ఫోను?"

మే తు ఊరుకుంటుందా? "ఇటు రా పిన్నీ, మాది సూడు" అని ఊదా ఫోనుతో తీసింది. అందులో బొట్టుతోపాటు ముక్కుపుడక కూడా మాయం. దొందూ దొందే. సన్యాసమ్మ ఇద్దరికీ కలిపి అక్షింతలు వేసి, కొనకుండానే చరచరా వెళ్లిపోయింది.

పద్మినికి ఏడుపొచ్చింది, వెంటనే కోపమూ వచ్చింది. ఫోనులో అందం పెంచే మీట ఎట్టి పరిస్థితిలోనూ ఆపకూడదని ట్రైనింగులో చెప్పారు. చెబితే చెప్పారు! దాన్ని సున్నాకి లాగిపారేసి, గుంపులో ముందున్న బర్మీయ అమ్మాయిని ఫొటో తీసింది. బుగ్గ మీద ఆకులా దిద్దుకున్న తనకా ఈనెలతో సహా పడింది. ఆ పిల్ల ఎగిరి గంతేసి, ఫోను కొనేసింది.

"మీ మొహం మీకే చూపిస్తుంది మా ఫోను! రండి, రండి!" అని బర్మీస్‌లో కేకేసింది పద్మిని.

జనం ఎగబడ్డారు. ఆమె రెండో ఫోను అమ్మేలోపే మే తు కూడా తన మీట సున్నాకి లాగేసింది.

"దొంగా!"

"మీ కంపినీ మా కెమెరా కాపీ కొట్టనేదేటి?" అని నాలుక బయటపెట్టింది మే తు.

ఇక చూడాలి ఆ పోటీ! పెట్టెలు విప్పేది ఒకరు, గిరాకీని లాక్కునేది ఒకరు. ఇద్దరి గొంతులూ బొంగురుపోయాయి. పద్మినికి భయం ఎప్పుడు పోయిందో, హుషారు ఎప్పుడెక్కిందో తెలీదు. ఇంత సరదాగా ఆమె ఏనాడూ పని చెయ్యలేదు.

దీపాలు పెట్టే వేళకి ఢిల్లేశ్వరరావు చూస్తే ఇద్దరివీ సమానం. ఆయన తల గోక్కుంటూ షట్టరు దించబోతుంటే సన్యాసమ్మ మళ్లీ వచ్చింది, మొగుడు చంద్రరావుని వెంటబెట్టుకుని.

"ఆ బొట్టు నేని ఫొటో సూడాలని పేనం తోడేస్తన్నాడే" అంది విసుగ్గా.

పద్మిని బెరుకు బెరుగ్గా పొద్దుటి ఫొటో తెరిచి ఫోను చేతికిచ్చింది. చంద్రరావు ఫోనుని కళ్ల దగ్గరికి తెచ్చుకుని చూశాడు.

"మా పెల్లికి ఫొటో నేదమ్మా" అన్నాడు. "ఇదే మొగం. ఈ మొగానికే నాను తాళి కట్టినాను."

"బొట్టు నేదయ్యా దానికి" అని సణిగింది సన్యాసమ్మ.

ఆయన పెళ్లాం నుదుటి కుంకం వేలికొసన అద్దుకుని, ఫోను అద్దం మీద, ఆ పడుచుపిల్ల నుదుట, సరిగ్గా మధ్యన పెట్టాడు.

"ఎట్టినాను కదా. ఇంకేటి? ఈ ఫోనే ఇచ్చీ అమ్మా."

సన్యాసమ్మ చెంగులో మొహం దాచుకుంది. ఆ ఒక్క ఫోనుతో తను ఓడినా, అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది మే తు.

పద్మిని ఆయనిచ్చిన డబ్బులో ఒక నోటుతో తన కౌంటరు మీది ఫోన్లన్నిటినీ ఒక్కొక్కటిగా తట్టింది. ఈ ఊరి బజారులో అమ్మకం కలిసిరావాలని బోణీ నోటుతో పొద్దున్నే చేసే పని అది. హడావిడిలో మరిచిపోయి, ఇప్పుడు చేసింది. ఆ నోటుకి కాస్త కుంకం అంటుకుని ఉంది. అది చూసేసరికి ఆమెకు కళ్లనీళ్లు ఆగలేదు.

"ఏడవకు. వచ్చే నెల మా కొత్త ఫోనొస్తాది, అప్పుడు సెప్తాను నీ పని" అంది మే తు, తన ఊదా పెట్టెలు మెట్ల కిందకి మోసుకుపోతూ.

"తేయే, తే!" అంది పద్మిని ముక్కు ఎగబీలుస్తూ, పెట్టె ఇంకో చివర పట్టుకుని. "నానిక్కడే ఉంతాను."