ముగ్గుతో పెట్టిన గీత

నాకు అక్షరాలు వచ్చింది యాభై దాటాక. రాత నిదానం. ఎక్కడైనా ఒత్తు పోయినా, దీర్ఘం జారినా మన్నించండి. ఈ నాలుగు ముక్కలు రాయడానికే ఎండాకాలమంతా పట్టింది.

అది రెండు వేల పన్నెండు, మే నెల. చిక్కడపల్లిలో లైబ్రరీ వెనక ఒక సందు కింద పాతకాలపు డ్రైనేజీ పైపు ఉండేది. దాని పక్కనే కొత్తది వేశారు. ఇళ్ల కనెక్షన్లు కొత్తదానికి మార్చాక పాతదాన్ని ఊరికే వదలకూడదు. లోపల డొల్లగా ఉంటే ఏదో ఒక వానకు పైన రోడ్డు కుంగుతుంది. అందుకని రెండు చివరలా గోడ కట్టి, నురుగు కలిపిన పలచటి సిమెంటును పంపుతో ఎక్కించి నింపేస్తారు. దాన్ని గ్రౌటింగ్ అంటారు. ఆ సిమెంటు నీళ్లలా పారి, దొరికిన సందులోకల్లా దూరుతుంది. తెల్లారేసరికి గట్టిపడి కూర్చుంటుంది.

ఆ పనిలో ఉన్న ఆశమ్మది పాలమూరు వైపు పల్లె. ఏడేళ్లు సిమెంటు బస్తాలు మోసింది. గుంతలో జారిపడి నడుము పోయాక, సూపర్‌వైజర్ జోగారావు జాలిపడి తేలిక పని ఇచ్చాడు. ఇంటింటికీ పోయి బాత్రూంలో పసుపు నీళ్లు పోయించి, మ్యాన్‌హోల్‌లోకి చూడాలి. పసుపు కొత్త పైపులోకి వస్తే ఆ ఇల్లు మారినట్టే. పాతదాంట్లోకి వస్తే గుమ్మం ముందు సుద్దతో అడ్డగీత పెట్టాలి. మర్నాడు పొద్దున ప్లంబర్లు గీత ఉన్న ఇళ్లు చూసుకుని మారుస్తారు. ఆ తర్వాతే పంపు. ఈ పని పోతే ఆశమ్మకు మళ్లీ బస్తాలే గతి.

ఆ సాయంత్రం ఆఖరి ఇంటికి వచ్చేసరికి సుద్ద అయిపోయింది. ఆ ఇంటి పసుపు పాత పైపులోకే వచ్చింది. దుకాణం దాకా నడిచే ఓపిక లేదు. కిటికీలో ముగ్గు డబ్బా కనబడింది.

"అమ్మా, జర చిటికెడు ముగ్గు ఇయ్యుండ్రి."

ఆ ఇంటావిడ విద్యావతి ఎందుకని కూడా అడగకుండా గుప్పెడు ఇచ్చి లోపలికి పోయింది. ఆశమ్మ బండ మీద గీత పెట్టి, నడుము పట్టుకుని వెళ్లిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం పంపు నడుస్తోంది. అశోక్ నగర్ కోచింగ్ పిల్లలు పుస్తకాలు చంకన పెట్టుకుని, రబ్బరు గొట్టాన్ని దాటుకుంటూ లైబ్రరీకి పోతున్నారు. ఆశమ్మ గోడ నీడన కాళ్లు చాపి కూర్చుంది. చూపు ఆ గుమ్మం మీద పడింది. అక్కడ గీత లేదు. నీళ్లు చల్లి కడిగిన బండ మీద ఎనిమిది రేకుల ముగ్గు ఉంది.

గీత కనబడక ప్లంబర్లు ఆ ఇల్లు వదిలేసి పోయారు. ఇక ఆ ఇంటి పైపు సిమెంటుతో మూసుకుపోతుంది. తప్పు వాళ్ల మీదకు తోసేయవచ్చు. గీత పెట్టానంటే కాదనేవాళ్లు లేరు. ఇంకొక్క గంట మాట్లాడకుండా కూర్చుంటే చాలు. ఆమెకు లేవాలని కూడా లేదు. అంతలో ఆ ఇంట్లో ఎవరో బకెట్టు తిప్పి నీళ్లు పోసుకుంటున్న చప్పుడు వినిపించింది.

"బీరన్నా! పంపు ఆపు!"

పంపు నడిపే బీరయ్య తల ఎత్తాడు. "ఏందక్కా? నడుమ ఆపితే గొట్టంల గడ్డ కడ్తది. సారు నన్ను తింటడు."

"నన్నే తింటడు తియ్యి. ఆపు ముందు."

పంపు ఆగగానే జోగారావు పరుగెత్తుకొచ్చాడు. "ఎవరు ఆపమన్నారు?"

"నేనే సార్. గా ఇల్లు మారలే."

"గీతేదీ మరి?"

"సుద్ద లేకుండె. ముగ్గుతోని పెట్టిన."

జోగారావు ఆమెనూ గుమ్మాన్నీ మార్చి మార్చి చూశాడు. "ముగ్గుతోనా? నువ్వు మీ ఇంట్లో పొద్దున్నే వాకిలి కడగవా తల్లీ?"

ఆశమ్మ రోజూ కడుగుతుంది.

లొల్లి విని విద్యావతి బయటికి వచ్చింది. "నాకొక్క మాట చెప్తే కడుగుతుంటినా? ఇంట్ల పదకొండు మందిమి. ఉన్నది ఒక్క లెట్రిన్!"

"చెప్పాలె అమ్మా. యాదికి రాలే."

ఇంటి ముందు డ్రైనేజీ చాంబరు మూత ఎత్తితే, బూడిదరంగు నురుగు అప్పటికే జానెడు లోపలికి ఎక్కి ఉంది. బీరయ్య చేయి పెట్టి తోడాడు. చీకటి పడేదాకా నీళ్లు కొట్టి కడిగారు. ప్లంబర్లను మళ్లీ పిలిపించి కనెక్షన్ మార్చారు. ఆ ఇల్లు దక్కింది. గొట్టం మాత్రం గట్టిపడి కర్రలా అయింది. కోసి పారేశారు.

జోగారావుకు తిట్టే ఓపిక కూడా లేదు. "రేపటి నుంచి గీతలొద్దు. ఇంటి నంబరు గోడ మీద రంగుతో రాయాలి. రాయగలవా?"

ఆశమ్మ తల అడ్డంగా ఊపింది.

"మరేం చేద్దాం?"

"బస్తాలే మోస్త సార్."

మర్నాడు తోటి కూలీ దుర్గమ్మ బస్తా ఎత్తి ఆమె తల మీద పెట్టింది. "నడుం ఎట్లున్నదే?"

"ఉన్నది."

మిగిలిన పని నారాయణగూడ వైపు. దారి ఆ గుమ్మం ముందు నుంచే. విద్యావతి చెంబుతో నీళ్లు చల్లబోయి, ఆమెను చూసి ఆగింది.

"ఇయ్యాల ఏం గీతల్లేవు గద?"

"లేవమ్మా. కడుక్కోండ్రి."

తడి బండ మీద కాలు జారకుండా, ఆశమ్మ రోడ్డు మీదికి దిగి నడిచింది.

రాసింది: దుర్గమ్మ, అరవై రెండేళ్లు. ఇప్పుడు ఉంటున్నది అశోక్ నగర్, కోడలి దగ్గర.