వాపసు ముడి

సీరియల్ పేరు "గాలి పటాలం". పేరు వినగానే పిల్లలు ఎగరేసే గాలిపటం అనుకునేరు, దానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. మంత్రం చదివి గాలి లేపే మంత్రగత్తెలందరినీ పోగేసి, యూనిఫారాలు తొడిగించి, సైన్యంలో చేర్చుకుంటారు. ఆ పటాలం కథ ఇది. మంత్రగత్తెలకి కవాతేమిటి, సెల్యూటేమిటి అని మొదటివారం మూతి విరిచినవాళ్ళే రెండోవారానికల్లా టీవీ ముందు బల్లలు లాక్కుని కూర్చున్నారు. మనుషులు అంతే. తిట్టుకుంటూ చూసినదాన్నే ఎక్కువ రోజులు చూస్తారు.

నేను చెబుతున్నది కుట్టు కార్ఖానా సంగతి. మధ్యాహ్నం ఒంటిగంటకి, అందరూ అన్నం గిన్నెలు తెరిచే వేళకి, ఆ సీరియల్ రెండోసారి వేస్తారు. పైగా అది సైన్యానికి చొక్కాలు కుట్టే కార్ఖానా. అందుకని అక్కడివాళ్ళు సీరియల్ చూసేదానికంటే తనిఖీ చేసేదే ఎక్కువ.

"ఆ కాలరు చూడండి, కుక్క చెవిలా వేలాడుతోంది," అనేవాడు కత్తిరింపులు చేసే బాబాయి.

"కాలరు సంగతి దేవుడెరుగు, అంత గాలి లేస్తే చొక్కా మీద ఒక్క ముడతైనా పడదేంటి?" అనేది ఇస్త్రీ వదిన. ఆవిడ కడుపుమంట ఆవిడది.

కాజాలక్క మాత్రం ఏమీ అనేది కాదు. గోడ పక్కన కూర్చుని, టీవీకి సగం వీపు పెట్టి, చూడనట్టే అంతా చూసేది. పాతికేళ్ళుగా ఆమెది ఒకటే పని, చొక్కాకి ఏడు కాజాలు కుట్టడం, ఏడు బొత్తాలు వేయడం. చొక్కా చిరిగినా ఆమె వేసిన బొత్తాం ఊడదని పేరు. ఆ పేరంటే ఆమెకి ప్రాణం.

ఆ కార్ఖానాలో ఒక పద్ధతి ఉంది, అది ముందే చెప్పేస్తాను. కాజాలు కుట్టేవాళ్ళు నలుగురు. ఏ చొక్కా ఎవరిదో తెలియడానికి చివరి కాజా కింద, లోపలివైపు, ఎవరి రంగు దారంతో వాళ్ళు రెండు ముళ్ళు వేస్తారు. కాజాలక్కది నీలం. కుట్టు నచ్చకపోతే చెకింగ్ మేస్త్రి ఆ రెండింటి పక్కన మూడో ముడి వేసి బుట్టలో పడేస్తాడు. మూడో ముడి పడిందంటే ఆ చొక్కా కుట్టిన చేతికే తిరిగి రావాలి. దాన్ని వాపసు ముడి అంటారు. కార్ఖానా గడప దాటితే ఈ సంగతి ఎవరికీ తెలియదు. పాతికేళ్ళలో నీలం ముళ్ళ పక్కన మూడోది పడలేదు.

బయట తెలిసిన మనిషి ఒక్కతే ఉంది. అది కాజాలక్క చెల్లెలు, చిన్నది.

తల్లి పోయేనాటికి చిన్నదానికి నాలుగేళ్ళు. ఇంట్లో ఒక్కదాన్నే వదల్లేక కాజాలక్క కార్ఖానాకి వెంట తెచ్చుకునేది. అది బల్లకింద కూర్చుని, రాలిన దారం ముక్కల్ని రంగులవారీగా ఏరుతూ, ఎవరి ముడి ఏదో అన్నీ నేర్చేసుకుంది. దానికొక పాడలవాటు ఉండేది. ఏదైనా ఆలోచనలో పడితే చొక్కా మూడో బొత్తాం నోట్లో పెట్టుకుని కొరికేది. లోకంలో ఎవరికీ లొంగని అక్క బొత్తాం దాని పళ్ళకి మాత్రం వారానికోసారి లొంగేది. కాజాలక్క నెత్తిన ఒక మొట్టికాయ వేసి మళ్ళీ కుట్టేది. ఆ మొట్టికాయ కోసమే అది కొరికేదని బాబాయి అనుమానం.

పందొమ్మిదో ఏట ఆ పిల్ల సైన్యంలో చేరతానంది. కాజాలక్క వద్దంది, బతిమాలింది, అన్నం మానేసింది. చివరికి ఒళ్ళు మండి, "గడప దాటావంటే నాకు చెల్లెలే లేదనుకుంటాను" అనేసింది. పెదవి దాటితే పృథివి దాటుతుందని ఊరికే అన్నారా! పొద్దున్న లేచి చూస్తే చిన్నదాని మంచం ఖాళీ. దుప్పటి మాత్రం నాలుగు మూలలూ కలిపి మడిచి ఉంది, అక్క నేర్పినట్టే.

అది జరిగి రెండేళ్ళు. ఉత్తరం ముక్క లేదు, ఫోను నంబరు మారిపోయింది, ఎక్కడుందో తెలియదు. కాజాలక్క ఎవరితోనూ ఆ పేరు ఎత్తేది కాదు. కానీ కుట్టడం పూర్తయిన చొక్కా సైజు చిన్నదైతే దాన్ని కాస్సేపు చేతిలో ఉంచుకునేది. భుజాల దగ్గర జానతో కొలిచి, ఇది దానికి సరిపోతుంది, ఇది దానికే వెళ్తుందేమో అనుకునేది. రోజుకి ఎన్ని చొక్కాలో అన్నిసార్లు అనుకునేది.

సరే, సీరియల్ దగ్గరికి వద్దాం. అందులో ఒక పొట్టి మంత్రగత్తె ఉంది. పటాలం మొత్తంలో తెలివైనది అదే, కానీ దాని మంత్రానికి ఆకు కూడా కదలదు. ఎందుకో ఏడోవారంలో చెప్పారు. సైన్యంలో ఉన్న మంత్రగత్తెని ఇంటి దగ్గర ఎవరో ఒకరు రోజుకోసారి పేరుపెట్టి తలుచుకోవాలట, అప్పుడే గాలి లేస్తుందట. ఈ పొట్టిదాని అక్క తలుచుకోనని ఒట్టేసుకుని తలుపు బిడాయించుకుంది.

అంతే, కార్ఖానా కార్ఖానా అంతా ఆ అక్క మీద పడింది. "అదేం గుండె? బండరాయా?" అంది ఇస్త్రీ వదిన, ముద్ద నోట్లో ఉండగానే. ఆ తర్వాత ఫోను తీసి, సీరియల్ పేజీలో జనం రాసినవి పైకి చదవసాగింది. "'ఆ అక్కని ముందు మంత్రం పెట్టి గాల్లోకి ఎగరేయండి.' ఇంకొకాయన, 'మా ఆవిడ ఏడుపు ఆపడం లేదు, నాకు టీ కూడా పెట్టలేదు, దీనికి బాధ్యులెవరు?' అంటున్నాడు. ఇదిగో ఇంకోటి, 'ఇలాంటి అక్క ఉండేకంటే లేకపోవడమే నయం.'"

కాజాలక్క గిన్నె మూత పెట్టేసి లేచింది. సగం అన్నం అలాగే ఉంది.

ఆ రోజు మిగిలిన భోజన విరామమంతా ఆమె మెట్ల కింద నిలబడి, ఒంటి వేలితో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, ఆ పేజీలో ఇలా రాసింది. "ఆ అక్కని తిట్టేవాళ్ళందరూ ఒకటి చెప్పండి. దాన్ని ఎత్తుకుని పెంచింది ఎవరు? జ్వరం వస్తే పక్కన కూర్చుంది ఎవరు? తలుచుకోవడం లేదని మీకెవరు చెప్పారు? మీరేమైనా తలుపు సందులోంచి చూశారా? ఇంకో మాట. ఆ పిల్ల చొక్కాకి మెషిన్ కాజాలు వేశారు. సైన్యంలో చేతి కాజాలే వేస్తారు. తెలియకపోతే అడగండి." రాసినవాళ్ళ పేరు అడిగితే "కాజాలు" అని పెట్టింది.

ఇక చూసుకోండి. దొరికిందే అదను అని జనం ఆమెని చెడామడా కడిగేశారు. "నువ్వే ఆ అక్కవా ఏంటి?" అని ఒకడు అడిగాడు. వాడు వేళాకోళానికే అన్నాడు గానీ, ఆ మాట కాజాలక్కకి సూది గోటి కింద దిగినట్టయింది. మళ్ళీ ఆ పేజీ తెరవనని ఒట్టేసుకుంది. ఎపిసోడ్‌కి ఒక పేజీ, కొత్త ఎపిసోడ్ వచ్చాక పాత పేజీ మూతపడుతుంది. చదువుకోవచ్చు, జవాబు రాయడం మాత్రం కుదరదు.

శుక్రవారం కొత్త ఎపిసోడ్ వచ్చింది. మధ్యాహ్నం కార్ఖానా టీవీలో అది మొదలయ్యేలోపు ఇస్త్రీ వదిన పాత పేజీలో చివరివి చదువుతోంది. "అక్కా, కాజాలు అని ఎవరో రాశారే, మనలాగే కుట్టుపని తెలిసినావిడే అయ్యుంటుంది, ఆవిడకి ఎవరో జవాబిచ్చారు చూడు. పొట్టి సిపాయి అట పేరు. 'కాజాలు గారూ, ఆ అక్కని నేనూ తిట్టను. మాకు ఫోను పదిహేను రోజులకోసారి పావుగంట ఇస్తారు, అందుకే ఆలస్యం. మాకిచ్చే చొక్కాల్లో చివరి కాజా కింద రెండు నీలం ముళ్ళున్నది దొరికితే నేను ఎవరికీ ఇవ్వను. ఒకసారి దానికోసం నాలుగు రోజులు ఇంకొకరి వంతు గిన్నెలు తోమాను. వేసుకున్నప్పుడల్లా వేలితో తడిమి చూస్తాను. రెండే ఉంటాయి. మూడోది ఉండదు.' ఏం రాసిందో ఒక్క ముక్క అర్థం కాలేదమ్మా. నీలం ముళ్ళేంటి... అక్కా?"

వదిన చదవడం ఆపేసింది. నీలం ముళ్ళు ఎవరివో అప్పుడే తట్టింది ఆవిడకి.

కాజాలక్క చేతిలో మంచినీళ్ళ గ్లాసు ఒలికి చీర తడిసిపోతున్నా చూసుకోలేదు. "జవాబు రాయవే," అంది. "ఇక్కడే ఉన్నానని రాయి. రోజూ, రోజూ తలుచుకుంటున్నానని రాయి."

"మూతపడిందక్కా. పొద్దున్నే మూసేశారు."

కొత్త పేజీలో రాశారు. "పొట్టి సిపాయీ, ఉన్నావా?" అని వదినే రాసింది. సాయంత్రానికి నలభైమంది "నేనే" అన్నారు. ఒకడు సెల్యూట్ కొట్టే కోతి బొమ్మ పెట్టాడు. అసలుది మాత్రం పలకలేదు, దాని పావుగంట అయిపోయింది మరి. పదిహేను రోజుల తర్వాత అది ఏ పేజీ తెరుస్తుందో, వేలమంది మధ్య దీన్ని చూస్తుందో లేదో ఎవరికి తెలుసు? కాజాలక్క ఆ రోజు ఇంటికి నడిచి వెళ్తూ దారిపొడవునా చిన్నదాని పేరు అనుకుంది. పెదవులు కదుల్తుంటే ఎదురొచ్చినవాళ్ళు వింతగా చూశారు. చూడనీ అనుకుంది.

మర్నాటి నుంచి కాజాలక్క తన చొక్కాలన్నిటికీ మూడు ముళ్ళు వేయడం మొదలుపెట్టింది.

మేస్త్రి కళ్ళలో పడకుండా ఉంటుందా? వారం తిరిగేసరికి ఆయన అరవై చొక్కాల దొంతర తెచ్చి ఆమె బల్ల మీద ధబ్బున పడేశాడు. "ఏంటమ్మా ఇది? నేను ఇంకా చూడనే లేదు, వాపసు ముడి ఎవరు వేశారు? ఈ ముడి వేసే చెయ్యి నా ఒక్కడిదే. అరవైకి అరవై లోపాలా నీ కుట్టులో?"

"కుట్టులో లోపం లేదు మేస్త్రీ," అంది కాజాలక్క. తల ఎత్తలేదు. "లోపం నా నోటిది. ఆ రోజు గడప దాటితే చెల్లెలే లేదన్నాను. తిరిగి రమ్మని చెప్పడానికి నాకు ఇంకో దారి లేదు. వీటిలో ఏదో ఒకటి దాని చేతికి వెళ్తుంది. వద్దంటే చెప్పండి, రేపటి నుంచి పనిలోకి రాను."

కార్ఖానాలో మిషన్లన్నీ ఆగిపోయాయి. బాబాయి ఊరుకోలేక అన్నాడు, "మూడు ముళ్ళు పడితే పిల్ల ఇల్లు వదిలి పోతుందంటారు. మన దగ్గరే తిరకాసు, మూడోది పడితే ఇంటికొస్తుంది." ఎవరూ నవ్వలేదు. ఆయన కూడా నవ్వలేదు.

బల్లకింద దారాలు ఏరిన పిల్లని మేస్త్రి మాత్రం ఎరగడా? దానికి అంకెలు నేర్పింది ఆయనే, బొత్తాలు లెక్కబెట్టించి. "నా కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయొచ్చాను," అన్నాడు. కళ్ళజోడు ఆయన ముక్కు మీదే ఉంది. "ముళ్ళు రెండున్నాయో మూడున్నాయో నాకు కనబడి చావట్లేదు. మూట కట్టండి."

మూటలు వెళ్ళాయి. వారం గడిచింది, నెల గడిచింది. రెండో నెల కూడా గడిచింది. సీరియల్‌లో పొట్టిదాని అక్క ఇంకా మొండికేసుకునే ఉంది, రాసేవాళ్ళకి ఎపిసోడ్లు కావాలి కదా. పేజీలో జనం తిడుతూనే ఉన్నారు. కాజాలక్క ఇప్పుడు టీవీకి ఎదురుగానే కూర్చునేది, కానీ చూసేది గుమ్మం వైపు. సైన్యం గోదాము నుంచి నెలకోసారి వాపసుల మూట వస్తుంది, మాసిన చొక్కాలు, చిరిగిన చొక్కాలు, ఒక్కోదానికీ ఒక చీటీ గుచ్చి. మొదటినెల మూటలో నీలం ముళ్ళది లేదు. రెండోనెల మూటలోనూ లేదు. "వస్తుందిలే అక్కా," అనేది వదిన. కాజాలక్క ఊఁ అని సూది అందుకునేది.

మూడోనెల మూట విప్పింది మేస్త్రే. ఒక చొక్కా తీసి, తిప్పి చూసి, తెచ్చి కాజాలక్క ఒళ్ళో పెట్టాడు.

చిన్న సైజు చొక్కా. మోచేతుల దగ్గర రంగు వెలిసింది. చివరి కాజా కింద మూడు నీలం ముళ్ళు. మూడో బొత్తాం లేదు. కాజాలక్క ఆ చోట దారం కొస పట్టుకుని చూసింది. అరిగి తెగిన దారం పీచులా లేస్తుంది, కత్తెర పడితే నున్నగా ఉంటుంది. ఇది ఆ రెండూ కాదు. నమిలి, నలిపి, కొరికిన దారం. ఆ పంటిగాట్లు ఆమెకి కొత్త కాదు.

చీటీలో లోపం అన్నచోట ఇలా ఉంది: "బొత్తాం ఊడింది. కుట్టినవాళ్ళే కుట్టాలి." కింద, ఎక్కడికి పంపాలి అన్నచోట: "పంపక్కర్లేదు. సెలవు ఇవ్వగానే నేనే వచ్చి తీసుకుంటాను. మొట్టికాయ కూడా."

వదిన ఏడ్చేసింది. బాబాయి ముక్కు చీదుకున్నాడు. కాజాలక్క మాత్రం చొక్కాని ముఖానికి హత్తుకుని చాలాసేపు అలాగే ఉండిపోయింది. తర్వాత కళ్ళు తుడుచుకుని, సూదిలో దారం ఎక్కించి, బొత్తాం కుట్టి, చొక్కా మడిచి బల్ల మీద పెట్టింది.

మేస్త్రి అలవాటు కొద్దీ దాన్ని అందుకున్నాడు. బొత్తాన్ని రెండు వేళ్ళతో పట్టి లాగి చూశాడు. అది కదిలింది. ఒంటి పోగు, రెండే కుట్లు.

"ఇదేంటమ్మా? నీ చేతి బొత్తామేనా ఇది?" అన్నాడాయన నమ్మలేక. "నాలుగుసార్లు పెట్టి తీస్తే ఊడిపోతుంది."

"ఊడనివ్వండి మేస్త్రీ," అంది కాజాలక్క. "ఊడితే మళ్ళీ తెస్తుంది."