పిట్టల రోలు

“పెరట్లోకి ఓ సిమెంటు హంసని తెస్తానే,” అన్నాడు నరసింగరావు, అన్నం తిన్న కంచంలోనే చెయ్యి కడుక్కుంటూ. కంచంలో కడగొద్దని తాయారు మూడేళ్ళుగా చెబుతూనే ఉంది. మూడేళ్ళుగా ఆయన కడుగుతూనే ఉన్నాడు. “తాసిల్దారు గారింట్లో ఉన్నాది. మెడ ఇలగ వంచి, రెక్కలు ఇలగ ఎత్తి... వచ్చినోళ్ళంతా దానికేసే సూస్తారు. నేనూ రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ని, మనింటికీ నలుగురొస్తారు. పెరట్లో సూడ్డానికి ఏదో ఒకటుండాల కదా.”

ఏదో ఒకటుండాలట! ఇప్పుడేమీ లేనట్టే. తాయారు కంచం ఎత్తుకుని పెరటి గుమ్మంలో నిలబడింది. కాపరానికొచ్చిన రోజు అక్కడున్నవి బూడిదకుప్ప, పగిలిన పెంకులు, మోకాలెత్తు పిచ్చిమొక్కలు. బియ్యం కడుగు, స్నానాల నీళ్ళు, ఏ చుక్కా వదలకుండా మోసిపోసి ఆ నందివర్ధనాన్ని బతికించింది, కనకాంబరాలు పెట్టింది, గోడ మీదికి బీరపాదు ఎక్కించింది. వాటి వెనకే గోరింకలొచ్చాయి, పికిలిపిట్టలొచ్చాయి, ఓ ముంగిస కాపరం పెట్టింది. మందారం పువ్వులోకి తలకిందులుగా ముక్కు దూర్చే తేనెపిట్ట ఒకటి రోజూ వస్తుంది. ఇంత జరిగితే మొగుడికి కనబడలేదు. అత్తగారు లక్ష్మీనరసమ్మకి కనబడింది గానీ ఇంకోలా కనబడింది. “పనీ పాటా లేక పిట్టల్ని సూస్తా కూకుంటాది మా కోడలు,” అని వీధంతా చెప్పుకొచ్చింది. పొద్దున్న నాలుగింటికి లేచి మళ్ళీ పక్క వేసేదాకా నడుం వాల్చని మనిషికి పనీ పాటా లేదట.

అయితే పెరటి నడుమ ఏదో ఒకటుండాలన్న ఆశ తాయారుకీ ఉంది. హంస కాదు. వైశాఖం ఎండలకి పిట్టలు ముక్కులు తెరుచుకుని కొమ్మల్లో కూచుంటున్నాయి. వాటికి నీళ్ళు పెట్టేది, అవొచ్చి వాలేది, చూడ్డానికీ ముచ్చటగా ఉండేది ఏదైనా కావాలి. ముంత పెడితే కాకి దొర్లించేసింది. మూకుడు పెడితే ఎండకి పగిలింది. భర్త వెంట బస్సెక్కి విజయనగరం వెళ్ళి, సిమెంటు బొమ్మలు పోసే షెడ్డులో గంటసేపు తిరిగింది. హంసలు, సింహాలు, కడవెత్తుకున్న ఆడబొమ్మలు. అన్నిటికీ కాటుక దిద్దిన కళ్ళే. అంత పెద్ద ఆవరణలో ఒక్క పిచ్చుక కూడా వాటి మీద వాలలేదు. “నాకొద్దండీ,” అంది. “నీకోసమేటి, ఇంటి కోసం,” అని విసుక్కున్నాడాయన. కానీ హంస బరువు చూసి బస్సువాడు ఎక్కించుకోనన్నాడు. అలా బతికిపోయింది.

ఇక్కడొక మాట చెప్పాలి. తాయారుది రెండో సంబంధం. మొదటి భార్య పద్మకుమారి నాలుగేళ్ళ కిందట జ్వరమొచ్చి పోయిందని చెప్పి, భావనపాడు దాపున ఉన్న పల్లె నుంచి ఈ పిల్లని చేసుకొచ్చారు. ముత్తైదువగా పోయిన ఆడదాన్ని ఇంటి పేరంటాలుగా నిలుపుకుని కొలవడం వాళ్ళ ఇంటి ఆచారం. దేవుడి గూట్లో ఓ రాయి, దానికి మందంగా పసుపు, వెండి కళ్ళు, చుట్టూ చీర. ఏటా ఆవిడ పోయిన తిథికి ఇరవై ఒక్కమంది ముత్తైదువులకి గారెలు, బూరెలు పెట్టాలి. గూట్లో పెట్టిన కొత్తచీర ఆ తరవాత ఇంటికోడలు కట్టుకోవాలి. తాయారు రెండేళ్ళుగా కట్టుకుంది. కట్టుకున్నప్పుడల్లా వెనకెవరో నిలబడి కొంగు సర్దుతున్నట్టే ఉండేది. ఆవిడ మంచం, ఆవిడ గరిట, ఆవిడ పీట. పులుసులో ఉప్పెక్కువైతే “పద్మ ఇలగ సేసేది కాదు,” అనేది అత్తగారు. పాలు పొంగిపోతే “ఆవిడికి కోపమొస్తాది, సూసుకో,” అనేది. ఏం తప్పు చేసినా గూట్లో వెండి కళ్ళు తననే చూస్తున్నట్టుండేది. తనకిప్పుడు ఏడో నెల. కడుపులో బిడ్డ కదిలినా, ముందు ఆ గూటికేసి చూసి దణ్ణం పెట్టుకుని, తరవాత సంతోషపడేది. బతికున్న సవతితో అయితే దెబ్బలాడొచ్చు. ఈవిడతో ఏం చెయ్యగలదు?

ఓ మధ్యాహ్నం ఇల్లంతా నిద్రపోతోంది. బట్టలు వెయ్యడానికొచ్చిన చాకలి జగ్గమ్మ పెరటి గుమ్మం దగ్గర మూట విప్పుతోంది. ముంగిస గోడవార పొదల్లోకి దూరితే, దాని పిల్లలున్నాయేమోనని తాయారు కొమ్మలు తప్పించి చూసింది. బోర్లా పడి, సగం మట్టిలో కూరుకుపోయిన నల్లరాయి కనబడింది. గునపంతో కదిపితే అది రుబ్బురోలు. నున్నగా అరిగిన గుంట, చుట్టూ వెడల్పాటి అంచు. “జగ్గమ్మా, ఇటు రా! దీన్ని మించిన బొమ్మ విజయనగరమంతా వెతికినా దొరకదే!” అంది తాయారు, పట్టరాని సంతోషంతో.

జగ్గమ్మ వచ్చి చూసింది. మొహం వాడిపోయింది. “ఇదెందుకు తల్లీ, ఇంకోటి సూడు,” అంది. అని కూడా, వద్దని గట్టిగా అనలేక, “నువ్వు సెయ్యెట్టకు, వొట్టి మనిషివి కావు,” అంటూ తనే దొర్లించి నందివర్ధనం పక్కన నిలబెట్టింది. తాయారు గుంట నిండా నీళ్ళు పోసింది.

మర్నాటికే పెరడు తిరనాళ్ళయిపోయింది. గోరింకలు జతలు జతలుగా వచ్చి, ఒకదాన్నొకటి తోసుకుంటూ, తిట్టుకుంటూ స్నానాలు చేశాయి. పిచ్చుకలు తమ వంతుకోసం అంచు మీద కూచున్నాయి. ఉడత పొట్ట ఆన్చి పడుకుని తాగింది. కందిరీగలు తడి అంచుకి అంటుకుని తాగి, ఎవర్నీ ఏమీ అనకుండా పోయాయి. ఎన్నడూ కంటబడని జెముడుకాకి ఎర్రకళ్ళేసుకుని దొంగలా వచ్చి చూసి వెళ్ళింది. తాయారు గడప మీద కూచుని నవ్వింది. ఈ ఇంట్లో పైకి నవ్వడం అదే మొదలు.

నాలుగోరోజు మిట్టమధ్యాహ్నం అన్ని పిట్టల అరుపులూ ఒక్కసారి ఆగిపోయాయి. అప్పుడు వినబడింది. గుర్రు... గుర్రు... రోట్లో పొత్రం తిరిగే చప్పుడు. ఆగి, ఓ నిట్టూర్పంత సేపు ఆగి, మళ్ళీ. తాయారు లేచి వంటింటి వసారాలోకి పరిగెత్తింది. అక్కడి కొత్తరోలు పొడిగా ఉంది, ఎవరూ లేరు. పెరట్లోకొచ్చి చూస్తే గుంటలో నీళ్ళు సన్నగా కదులుతున్నాయి. గాలి లేదు, పిట్ట లేదు. మర్నాడూ అదే వేళకి వినబడింది. ఆ మర్నాడూ. ఎవరికి చెబుతుంది? చెబితే గాలి సోకిందని వేపరొట్టలు తెస్తారు.

అదే వేళకి ఓ రోజు దాహమేసి లేచొచ్చిన లక్ష్మీనరసమ్మ పెరట్లోకి తొంగి చూసింది. చేతిలో చెంబు జారిపోయింది. “ఓలమ్మో! ఇదెవుర్తి బయటికి తీసినాది? ఆవిడి రోలే అది! తొంగున్నదాన్ని లేపినావే!” అని తల బాదుకుంది. సాయంత్రం నరసింగరావు ఆఫీసు నుంచొచ్చి, చొక్కా విప్పకుండానే తీర్పు చెప్పేశాడు. “పెరట్లో రోలేటే, సిమెంటు హంస తెస్తానంటే కాదన్నావు. శుక్రవారం పేరంటాలు తిథికి ముందు దాన్ని ఊరవతల గెడ్డ నీళ్ళలో పారేయించు. అమ్మ బెదిరిపోతన్నాది.” తాయారు బెదురు సంగతి ఆయన అడగలేదు.

రెండ్రోజులాగి జగ్గమ్మ వచ్చినప్పుడు, తాయారు ఆమె చెయ్యి పట్టుకుని గోడవారకి లాక్కుపోయింది. “ఈ రోలు సంగతేటి? సెప్పకపోతే నా మీదొట్టే.”

జగ్గమ్మ ఇంటికేసి ఓ చూపు చూసి, గొంతు తగ్గించింది. “జొరమూ లేదు, గిరమూ లేదు తల్లీ. పెద్దయ్యగారి మాసికం. ఎనిమిదో నెల కడుపు ఆ పద్మ గుంటకి. కుంచెడు పప్పు ముందరెట్టినారు. రెండుపాలి లెగిసి నడుం పట్టుకున్నాది. నీల్లు తాగొస్తానత్తా అన్నాది. ఇంకొక్క వాయే కదా, కానిచ్చి లెగు అన్నారు పెద్దమ్మగారు. ఆ వాయి అవ్వనే లేదు. రోలు మీదే వాలిపోనాది. సీర నానే ఉతికినాను. మూడు నీల్లకి కూడా ఎరుపు వదల్లేదు.” ముక్కు చీది, గొంతు ఇంకా తగ్గించింది. “ఆ పొత్రం సేతిలోంచి ఊడదీసినాది నానే. అదే కదేటి మీ గూట్లో ఉన్నాది. పసుపెట్టి, కల్లెట్టి... నువ్వు రోజూ మొక్కుతన్నావు.”

తాయారు లోపలికెళ్ళింది. గూటి ముందు నిలబడి, మూడేళ్ళలో మొదటిసారి ఆ చీర అంచు ఎత్తి చూసింది. పసుపు పెచ్చుల కింద నున్నటి నల్లరాయి. నెత్తిన పిడికర్ర దిగే బెజ్జం, దాంట్లో కుంకం కుక్కి ఉంది. తాయారుకి భయం వెయ్యలేదు. ఏడుపొచ్చింది. మూడేళ్ళుగా ఈ పిల్లకి భయపడిందా తను! నీళ్ళు తాగొస్తానంటే పంపించని ఇంట్లో, చచ్చిపోయాక ఇరవై ఒక్కమందికి వడ్డన. బతికుండగా ఓ పూట కూచోమనని వాళ్ళు, పోయాక గూట్లో కూచోబెట్టారు. పైగా ఆవిడ పేరు చెప్పి పిండి రుబ్బేది మళ్ళీ ఇంకో కడుపుతో ఉన్న మనిషి. కిందటేడు తనకి నడుం పట్టేస్తే అత్తగారన్న మాట గుర్తొచ్చింది: ఇంకొక్క వాయే కదా. సరిగ్గా అదే మాట.

సాయంత్రం మొగుణ్ణి అడిగింది. “మీ మొదటావిడ ఎలా పోయింది?”

ఆయన పేపరు దించలేదు. “అప్పుడు నేను కేంపులో ఉన్నాను.”

“తిరిగొచ్చాక అడగలేదా?”

“అడిగితే మనిషి తిరిగొస్తాదేటి?” అన్నాడు. పేపరు ఇంకాస్త పైకెత్తి మొహం దాచుకున్నాడు. తాయారు జాలి పడబోయి మానుకుంది. ఆ జాలి మీదే కదా ఇల్లిలా నడుస్తోంది.

గురువారం పొద్దున్న లక్ష్మీనరసమ్మ నానిన మినప్పప్పు గంగాళం తెచ్చి కొత్తరోలు పక్కన దింపింది. కుంచెడు పప్పు. వీధిలోంచి నలుగురు ముత్తైదువులొచ్చి వసారాలో విస్తళ్ళు కుడుతున్నారు. “లెగు కోడలా, ఎండెక్కకుండా మొదలెట్టు. బండి తోలే గంగులొస్తాడు, నువ్విటు కూకోగానే ఆ రోలు బండెక్కించి గెడ్డలో పడేస్తాడు.”

“ఆ రోలు కదలదు అత్తా. పప్పు నేను రుబ్బను,” అంది తాయారు. అరవలేదు. చేతులు వెనక్కి పెట్టుకుంది.

విస్తళ్ళ చప్పుడు ఆగింది. లక్ష్మీనరసమ్మ కోడలి మొహంలోకి చూసింది. ఆ ఇంట్లో ఏ కోడలూ అనని మాట అది. ఆవిడ బుర్రకి ఒక్కటే అర్థం తట్టింది. “ఓలమ్మో, పూనినాదర్రా! పేరంటాలు పూనినాది! కర్పూరం, కర్పూరం తెండి!” అని కేకలేసింది. ఒకామె పళ్ళెంలో కర్పూరం వెలిగించింది, ఒకామె పసుపునీళ్ళు తెచ్చింది. కేకలకి నరసింగరావు వీధిలోంచి పరిగెత్తుకొచ్చి, గుమ్మంలోనే ఆగిపోయి, రెండు చేతులూ జోడించాడు. భార్యకేసి ఆయన అలా చూడ్డం, ఆమె మాట కోసం కాచుకోవడం, ఎన్నడూ జరగలేదు.

అత్తగారు ఏకంగా కాళ్ళ మీద పడింది. “పద్మా, తల్లీ, తప్పయిపోనాది! ఆ దినం నువ్వు లెగుస్తానన్నావు, నేనే కూకోబెట్టేసినాను. నాకు తెలవలేదే అమ్మా! ఈ పిల్లని వదిలెయ్యి. ఏటి కావాలి నీకు? పట్టుసీర పెడతాను. ఆ రోలు అక్కడే ఉంచుతాను. నువ్వు పద్మవేనా? సెప్పు తల్లీ, నువ్వేనా?”

తాయారు వాళ్ళందరికేసీ చూసింది. జుట్టు విరబోసుకుని ఒక్కసారి ఊగితే చాలు. అవునంటే చాలు. రోలు ఉంటుంది, పిట్టలుంటాయి, కాన్పయ్యేదాకా పొత్రం ముట్టుకోమనేవాళ్ళుండరు. వీళ్ళంతా ఇలాగే చేతులు కట్టుకుని నిలబడతారు. ఎంత తేలిక! కానీ కర్పూరం ఆరిపోతుంది, పూనకం దిగిందంటారు, దిగిన మర్నాడు గంగాళం మళ్ళీ ముందుకొస్తుంది. బతికున్న ఆడది తన నోటితో తను చెప్పిన మాట ఈ ఇంట్లో ఎవరికీ వినబడదా? పద్మకుమారి కూడా తన నోటితోనే కదా నీళ్ళు తాగొస్తానంది. చచ్చి దేవతైతే తప్ప ఆ మాటకి విలువ లేదా?

ఆమె వంగలేక వంగి, అత్తగారి భుజాలు పట్టుకుని లేపింది. కర్పూరం పళ్ళాన్ని పక్కకి జరిపింది.

“లెగండత్తా. పద్మకుమారి పూనలేదు. నేను తాయారుని. నేనే రుబ్బనంటన్నాను.”