తోషోకి ఒక పేజీ

"చిక్కుడు గింజలు నానబెట్టావా?" అని తోషో సోఫాలోంచి అడిగాడు.

నానబెట్టాను. తడిచేతులు తుడుచుకుని కంప్యూటర్ దగ్గరికొచ్చి, ఆ పని పక్కన "అయింది" అని కొట్టాను. కొట్టగానే ఆ వరస ఒక్క క్షణం పచ్చబడింది. మళ్ళీ "చేయాలి" అయిపోయి, వచ్చేవారం తేదీ తగిలించుకుని కూర్చుంది. అది తప్పేం కాదు, కంప్యూటర్లో నేను పనులు రాసుకునే ఈ ఎడిటర్ ప్రోగ్రాం తీరే అంత. తిరిగి తిరిగి వచ్చే పనికి తేదీ పక్కన ఓ చిన్న గుర్తు పెడతాం. ఆ గుర్తు పెట్టిన పని ఎప్పటికీ పూర్తవదు, ముందుకి జరుగుతుందంతే. ఆఫీసు పనులకి ఆ గుర్తు అక్కర్లేదు. ఒక నీళ్ళపంపు ఎలా బిగించాలో, ఎలా విప్పాలో పుస్తకం రాసిస్తే అది అయిపోతుంది, అచ్చయి అట్టపెట్టెలో పంపుతో పాటు వెళ్ళిపోతుంది. ఇంటి పనులన్నిటికీ మాత్రం గుర్తుంది. ఎవరూ పెట్టమన్లేదు, నేనే పెట్టాను.

నాది ఉత్త అక్షరాల ఫైలు. ఒక చుక్క, దాని పక్కన పని పేరు, కింద తేదీ. ఒక మీట నొక్కితే ఫైలంతా వెతికి ఈరోజు చేయాల్సినవన్నీ ఒక పేజీగా తెచ్చి ముందు పెడుతుంది. ఫోన్లలో దొరికేవి చాలా ఉన్నాయి, వాటికి రంగులుంటాయి, గంటలు మోగుతాయి. కానీ వాటిల్లో ఉండేది ఎవడో అనుకున్న రోజు. ఇందులో నా రోజుని నేను కట్టుకోవచ్చు. ముందుగా అందులోని ఇంగ్లీషు మాటలన్నీ తీసేసి మా బల్గేరియన్ మాటలు పెట్టాను. తర్వాత పొయ్యి వేడిగా ఉండగా చేయాల్సినవన్నీ ఒకచోట చేరేలా రాశాను. ఆఫీసు నుంచి వస్తూ బజారు మీదుగా నడిచే రోజు ఏం కొనాలో ఆ రోజే కనపడేలా రాశాను. మంచు పడితే బట్టలారేసే పని దానంతటది వాయిదా పడాలని ఒక శీతాకాలమంతా కుస్తీ పట్టి, చివరికి వదిలేశాను. రాసిన ప్రోగ్రాంలో ఒక్కో బ్రాకెట్ ఎక్కడ మూయాలో తెలియక ఏడ్చిన సాయంత్రాలున్నాయి. అది పనిచేసినప్పుడు ఈ ఇంట్లో చెప్పుకోడానికి ఎవరూ లేరు.

"వేరేవాళ్ళ పెళ్ళాలు కుండీల్లో మొక్కలు పెంచుతారు, మా రుమ్యానా బ్రాకెట్లు పెంచుతుంది" అంటాడు తోషో, స్నేహితులొచ్చినప్పుడు. వాళ్ళు నవ్వుతారు. నేనూ నవ్వి రకియా సారా గ్లాసులు నింపుతాను. గ్లాసులు నింపడం కూడా ఆ ఫైల్లో ఉందని వాళ్ళకి తెలీదు.

ఫిబ్రవరిలో సోఫియా నగరం నుంచి ఇవెలినా అనే ఆవిడ మెయిల్లో ఉత్తరం రాసింది. ఈ ఎడిటర్ వాడేవాళ్ళంతా ఏటా ఒక శనివారం కలుస్తారట. నేను ఇంటర్నెట్లో పెట్టిన నాలుగు ప్రోగ్రాం ముక్కలు చూసిందట. "పొయ్యి వేడిని బట్టి పనులు పేర్చడం మాలో ఎవరికీ తట్టలేదండీ. వచ్చి ఒక అరగంట చూపిస్తారా?" అని అడిగింది. ఆ ఉత్తరం ఆఫీసులో చదివాను, బజారులో నిలబడి ఫోన్లో మళ్ళీ చదివాను. నేను చేసినదాన్ని చూడాలని ఒక మనిషి అడగడం నా నలభై ఆరేళ్ళలో మొదటిసారి. వండినదాన్ని చూస్తారు, తింటారు. అది వేరు. వస్తానని రాసేశాను. ఆ తర్వాతే తేదీ చూసుకున్నాను.

ఆ శనివారం తోడోర్ పండుగ. ఈస్టర్ ఉపవాసాల్లో మొదటి శనివారం, తోడోర్ అనే పేరున్న ప్రతివాడి పేరు పండుగ. మా తోషో అసలు పేరు తోడోర్.

"డబ్బులిస్తారా?" అన్నాడు చెప్పగానే.

"ఇవ్వరు."

"మరెందుకు?"

దానికి నా దగ్గర జవాబు ఉంది, కానీ అది అతనికి జవాబుగా వినిపించేది కాదు.

పై అంతస్తు నుంచి అత్తయ్య దిగొచ్చింది. ఆవిడకి చెవులు సరిగా వినపడవంటారు గానీ ఇలాంటివి మాత్రం రెండు గోడలవతల నుంచి వినపడతాయి. "చూడమ్మాయ్, పుట్టినరోజైతే పిలుస్తాం, కుదరకపోతే మానేస్తాం. పేరు పండక్కి ఎవర్నీ పిలవం. పిలవనివాళ్ళని రావద్దని ఎలా చెప్తావు? తలుపు తీసి ఉండాలి, బల్ల మీద ఉండాలి. వాడి స్నేహితులు వస్తారు, మా తమ్ముడి పిల్లలు వస్తారు. తాళం చూసి పోతారా?"

"తాళమెందుకు అత్తయ్యా, మీరిద్దరూ ఉంటారుగా."

"మేముంటాం. పెట్టేదెవరు?"

తోషో మంచివాడు. ఈ మాట ఊరంతా అంటుంది, నేనూ అంటాను. చెయ్యెత్తడు, తాగి పడిపోడు. ఆ రోజు కూడా "పోనీలే వెళ్ళు" అన్నాడు. "నాకో కాగితం రాసిచ్చేయ్. ఏం చేయాలో చెప్తే అంతా నేనే చేస్తా. నేనేమన్నా చేయనన్నానా ఎప్పుడైనా?"

అత్తయ్య నన్ను చూసింది, కొడుకుని చూసింది, కళ్ళు తుడుచుకుంది. మర్నాటికి వీధి మొత్తానికి తెలిసింది. రొట్టెల కొట్లో ఆవిడ నాకు చిల్లరిస్తూ, "అదృష్టవంతురాలివమ్మా, తన పండక్కి తనే వండుతాట్ట మీ ఆయన" అంది. అతనింకా ఒక ఉల్లిపాయ కూడా తరగలేదు. ఎన్నేళ్ళుగానో నేను వండుతున్నాను, ఎవరి కళ్ళూ తడవలేదు.

సరే, పేజీ రాద్దామని కూర్చున్నాను. సోఫియాలో ఏం మాట్లాడాలో రాసుకోవాల్సిన సాయంత్రాలు తోషో పేజీకి పోయాయి. ఒక పని రాస్తే దాని కింద ఇంకో పని బయటపడేది. ఉపవాసం కాబట్టి సర్మీల్లో మాంసం ఉండదు, బియ్యమూ ఎండుద్రాక్షా కూరి క్యాబేజీ ఆకుల్లో చుట్టాలి. ఉప్పునీళ్ళలో ఊరేసిన క్యాబేజీ కొట్టుగదిలో పీపాలో ఉంది. పీపాలోది తీస్తే ఉప్పు పోయేదాకా కడగాలి. ఎంతసేపు కడగాలి? నాకు చెయ్యి చెప్తుంది. చెయ్యి చెప్పేదాన్ని అక్షరాల్లో ఎలా పెట్టను? గుమ్మడికాయ చుట్టలకి పిండి పొరలు ఏ కొట్లో, ఏ అరలో ఉంటాయో రాశాను. మామయ్య తమ్ముడికి పళ్ళు లేవు కాబట్టి ఆయన గిన్నెలో చిక్కుడు గింజలు మెదపాలని రాశాను. నీళ్ళపంపు పుస్తకాలు రాసే దాన్ని నేను, స్క్రూ ఎటు తిప్పాలో కూడా వదలకుండా రాస్తాను. అయినా ఆ పండుగ ఒడ్డు కనపళ్ళేదు. ఇంతా నా తలలో ఎక్కడ పట్టిందో అని నాకే భయమేసింది. ఇంత పట్టాక ఇంకేం పట్టడానికి చోటు మిగిలిందో అనీ అనిపించింది.

బుధవారం ముందుగా క్యాబేజీ తీసి పెట్టమని ఒక చీటీ రాసిచ్చాను. ఆఫీసులో మా మేనేజరు గాంచెవ్ గారి గదిలో మీటింగులో ఉండగా ఫోను మోగింది. తీయకపోతే మళ్ళీ మోగింది.

"రూమా, ఈ పీపాలో పైది తీయాలా, అడుగుదా?"

"రాశాను కదా, ఆకులు పల్చగా ఉన్నది."

"అన్నీ పల్చగానే ఉన్నాయి. నువ్వైతే ఏది తీస్తావు?"

గదిలో అందరూ నవ్వు ఆపుకుంటున్నారు. గాంచెవ్ గారు ఆపుకోలేదు. "ఏంటి రుమ్యానా, ఇంట్లో పెద్దబాబు ఏడుస్తున్నాడా?" అన్నారు. నేను ఫోను పెట్టగానే, "నీకీ పనుల పేజీలు బాగా వచ్చు కదా, మన మిలెన్‌కి కూడా రోజూ ఒకటి తయారుచేసి పెట్టు. కుర్రాడికి గడువులు గుర్తుండట్లేదు" అన్నారు. మిలెన్ నాకంటే పదేళ్ళు చిన్న. వచ్చే నెల నుంచి నాకు పై అధికారి. నాకు గుర్తుండటం వల్ల నేను ఎక్కడున్నానో అక్కడే ఉన్నాను, గుర్తుండకపోవడం వల్ల అతను పైకెళ్ళాడు. గుర్తుంచుకునేవాళ్ళు చేతికింద ఉంటే చాలు కాబోలు.

"చూస్తానండి" అన్నాను.

శుక్రవారం సాయంత్రం పేజీ పూర్తి చేశాను. పండుగ పనులన్నిటి మీదా తోషో పేరు వేసి ఫైలు కంప్యూటర్లో భద్రంగా దాచాను. రేపటి నా పేజీ ఎలా ఉంటుందో చూద్దామని మీట నొక్కాను. ఒక్కటే వరస ఉండాలి, సోఫియాలో అరగంట. ఆ ఒక్క వరసని చూసుకోవాలని వారమంతా ఆగాను.

పేజీ కిందికి జరుగుతూనే ఉంది. తోషో క్యాబేజీ కడిగాడా, అడగాలి. తోషో పొయ్యి వెలిగించాడా, అడగాలి. తోషో బాబాయి గిన్నెలో గింజలు మెదిపాడా, అడగాలి. సోఫియా ఎక్కడో మధ్యలో, పిండి పొరలకీ చిన్న పళ్ళేలకీ నడుమ ఇరుక్కుని ఉంది.

కంప్యూటర్ పాడైందేమో అనుకున్నాను ముందు. తర్వాత గుర్తొచ్చింది, అది నేను రాసిందే. ఏ పనైనా ఇంకొకరికి అప్పజెప్తే అది "ఎదురుచూపు" అవుతుంది. ఎదురుచూపులో ఉన్న ప్రతిదాన్నీ అడగాల్సిన పనిగా నా పేజీకి తెచ్చేలా ఎప్పుడో కట్టుకున్నాను. ఆఫీసులో మగవాళ్ళని వెంటపడి అడక్కపోతే ఏదీ జరగదని తెలిసిన రోజుల్లో రాసింది. బాగా రాశాను. తప్పు లేకుండా పనిచేస్తోంది. పని ఇచ్చేశాను అనుకున్నాను గానీ నా చేతిలోంచి ఏదీ పోలేదు, దాని పేరు మాత్రం మారింది. అక్కడ వేదిక మీద నిలబడి నా పేజీ తెర మీద వేసి చూపించాలి నేను. దీన్నే చూపిస్తాను కాబోలు, ఇన్నేళ్ళ నా తెలివిని.

ఒక్క మాట మారిస్తే ఆ వరసలు నా పేజీలో కనపడకుండా చేయొచ్చు. చెయ్యి మీటల మీదకి వెళ్ళింది కూడా. కనపడకపోతే మాత్రం? బస్సులో ఫోను మోగుతుంది, హాల్లో మోగుతుంది. మోగకపోతే ఎందుకు మోగలేదా అని నేనే చేస్తాను. ఎడిటర్‌ని ఎన్ని రకాలుగా వంచానో లెక్క లేదు. వంగకుండా ఉన్నది అది కాదు, ఈ ఇల్లూ, ఇందులో నేనూ.

పండుగ చుక్క దగ్గరికెళ్ళి, దాని కింద పుట్టిన కొమ్మలన్నిటినీ కలిపి పట్టుకుని తీసేశాను. ఏటా దాన్ని మొలిపించే ముక్కనీ తీసేశాను. ఫైలు దాచాను. అది ఏమీ అడగలేదు. తర్వాత మీట నొక్కితే ఒకే వరస వచ్చింది.

తోషో గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "అయిందా నా కాగితం? అచ్చు తీసి ఫ్రిజ్ మీద అంటించెయ్, చూసుకుంటూ చేస్తా."

"కాగితం లేదు."

"ఫోన్లో పంపుతావా?"

"లేదు తోషో. తీసేశాను."

అతను నవ్వబోయి ఆగాడు. "తమాషాగా ఉందా? పొద్దున్న జనం వచ్చేస్తారు. నాకేం తెలుసని? ఒక్కొక్కటి చెప్తేనేగా చేసేది."

"పొద్దున్న బస్సుకి వెళ్తున్నాను. ఆదివారం వస్తాను. ఫోను ఆపేస్తాను."

"రూమా, నేను చేస్తానంటున్నాను కదా. ఏం చేయాలో చెప్పమంటున్నానంతే."

గొంతు పెరుగుతుందేమో అనుకున్నాను. పెరగలేదు. చాలా మామూలుగా, ఉప్పు అందించమని అడిగినంత మామూలుగా వచ్చింది మాట.

"ఇరవయ్యేళ్ళుగా నీ పండక్కి ఈ ఇంట్లోనే ఉన్నావు తోషో. ఏం చూశావో అదే చెయ్యి."