పెళ్లి ఫోటోలో బూడిద రంగు

సికువాని అనే ఊళ్లో ఎవరింట సంబంధం కుదిరినా ముందు కసిల్దా ఫోటో స్టూడియోకి రావలసిందే. మనసులో ఏదైనా దాచుకున్నవాళ్ల నలుపు తెలుపు ఫోటోలో బూడిద రంగులు నిలవవు. ముఖం సున్నం కొట్టినట్టు, కోటు మసి పూసినట్టు వస్తాయి. మధ్య రంగు ఒక్కటీ ఉండదు. అది అందరికీ తెలిసిందే గనక దాని గురించి ఎవరూ మాట్లాడరు. ఆడపిల్లల తల్లులు మాత్రం కళ్లజోడు మరిచిపోకుండా తెచ్చుకుంటారు.

అనుమానం ముందు పుట్టి తర్వాత కసిల్దా పుట్టింది. కూతురు ఎర్మెలిందాకి వచ్చిన సంబంధాలన్నీ తరిమేసింది. ఇప్పుడు లారీ నడిపే ఫౌస్టో వచ్చాడు. ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి ఫోటో తీసి, ఫోటోలు కడిగే చీకటిగదిలో దూరింది. ఊరి ఆనవాయితీ ప్రకారం ముందు చిన్న కాగితం ముక్క మీద పెళ్లికొడుకు ముఖం ఒక్కటే వేసి చూసింది. నుదుటి తెలుపు నుంచి గడ్డం కింది నీడ దాకా రంగులు మెట్లు మెట్లుగా దిగాయి.

"ఇంత చక్కగా వచ్చిందంటే ఏదో ఉంది," అని గొణుక్కుని ఇంకో ముక్క వేసింది. అదీ అంతే. ఇంకోటి వేసింది.

"అత్తయ్యా, నా మొహం అరిగిపోతోందా?" బయట నుంచి అడిగాడు ఫౌస్టో.

"నోరు మూసుకుని కూర్చో నాయనా. ఇంకా నీకు అత్తని కాలేదు."

ఇక సాకు దొరక్క పెద్ద కాగితం వేసింది. మందునీళ్ల తొట్టిలో ఫౌస్టో బొమ్మ నిండుగా తేలింది. పక్కన కూతురి ముఖం తెల్లగా, జడ కారునలుపుగా ఉన్నాయి. పిల్ల వైపు చూడాలని ఇన్నేళ్లలో ఏ తల్లికీ తోచలేదు, కసిల్దాకీ తోచలేదు.

ఎర్మెలిందాని లోపలికి పిలిచి తలుపేసింది. "ఏమే, ఎవడున్నాడు?"

"ఎవడూ లేడమ్మా."

"మరి ఇదేంటి?"

"ఇతన్ని కూడా తరిమేస్తే ఊరు నీ మొహాన ఉమ్ముతుందని ఒప్పుకున్నాను. నాకతను వద్దు. నాకెవరూ వద్దు. నాకు ఈ గది కావాలి."

తొట్టిలోని ఫోటోలో ఆమె బుగ్గ మీద లేత బూడిద రంగు పాకింది. తర్వాత మెడ కింద ముదురుది. కసిల్దాకి ఏడుపొచ్చింది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, ఇంకో ముక్క వేసి చూడకుండా నమ్మింది.

ఫోటో ఆరాక కత్తెరతో నిలువునా కోసి, అతనున్న సగం ఫౌస్టో చేతిలో పెట్టింది. "తప్పు నీది కాదు నాయనా. ఈ ముఖం చూపిస్తే ఏ తల్లయినా పిల్లనిస్తుంది."

"మీరు తప్ప," అని అతను టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు ఇంకో జంట వచ్చింది. చీకటిగదిలోకి ఎర్మెలిందా వెళ్లింది. చిన్న కాగితం ముక్క మీద ముందుగా పెళ్లికూతురి ముఖం వేసింది.